ఎదురుగా ఉన్న 'కళ'ను లేదన్న కొలేషన్ గారికి

మహారాజశ్రీ కొలేషన్ గారి సముఖమునకు,

నిన్న మధ్యాహ్నం మొదలు దీపాలు పెట్టే వేళ దాకా తమరి సేవలోనే గడిపే భాగ్యం కలిగించినందుకు ధన్యవాదాలు తెలుపుకొంటున్నాను.

డేటాబేస్‌లో మాటలను ఏ వరుసలో పెట్టాలో చెప్పే నియమమైన తమరి ఉద్యోగం చిన్నదే. రెండు మాటలు చేతికిస్తే, మొదటిది ముందు రావాలంటే రుణసంఖ్య, వెనుక రావాలంటే ధనసంఖ్య, రెండూ ఒకటేనంటే సున్నా చెప్పాలి. నేను వాడే ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో పుట్టుకతో ఉన్న ముగ్గురు కొలేషన్లలో నోకేస్ గారికి 26 ఇంగ్లీషు అక్షరాల అవతల లోకం లేదు. బైనరీ గారు 'పాఠం 10'ని 'పాఠం 2' కంటే ముందు నిలబెడతారు. అందుకే పైథాన్‌లో సొంత నియమం రాసి తమరిని నియమించుకొన్నాను. కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ మళ్లీ పరిచయం చేయాలన్న షరతుకు కూడా తల ఊపాను. చేయకపోతే అటువంటి కొలేషన్ లేదని ఎర్రర్ అయినా వస్తుంది.

ఆపాటి మర్యాద నిన్న ఎక్కడికి పోయింది? అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో 'వ' కంటే 'ళ' ముందుంటుంది గనుక 'కళ' తరువాత 'కవి' వస్తున్నది. వర్ణమాలలో మాదిరిగా 'ళ'ను 'హ' తరువాతికి జరుపుతూ నియమంలో ఒక్క పంక్తి మార్చాను. పదాలను త్వరగా వెతకడానికి వరుసగా కట్టిన, ఒకే పదాన్ని రెండుసార్లు రానివ్వని జాబితా, అంటే యూనిక్ ఇండెక్స్ మాత్రం పాత వరుసలోనే ఉండిపోయింది. కొత్త నియమం పట్టుకొని, 'కవి'ని దాటి ముందుకు వెళ్లి 'కళ' కోసం వెతికిన తమరు, అక్కడ కనబడలేదు గనుక అసలు లేనే లేదని తేల్చారు. పట్టిక మొత్తం తెరిస్తే 'కళ' కళకళలాడుతూ ఎదురుగానే ఉన్నది! పోనీ, లేదంటున్నారు కదా అని మళ్లీ చేర్చబోతే, యూనిక్ అని నుదుట రాసుకొని కూడా రెండో 'కళ'ను లోపలికి రానిచ్చారు. చివరికి రీఇండెక్స్ చేయమంటే, అంటే ఆ జాబితాను కొత్త వరుసలో మళ్లీ కట్టమంటే, ఇక్కడ రెండు 'కళ'లున్నాయి, కుదరదన్నారు.

రానిచ్చింది ఎవరయ్యా? నేనా, నువ్వా? డేటాబేస్ దాచుకొనేది నీ పేరు మాత్రమే, నీ బుద్ధి కాదు, నిజమే. అయినా నాలుగు గంటల్లో ఒక్క హెచ్చరిక, ఒక్క ముక్క నీ నోట రాలేదు!

రెండో 'కళ'ను రో ఐడీ (పట్టికలో ఆ అడ్డువరుస సంఖ్య) పట్టుకొని తొలగించి, రీఇండెక్స్ చేశాక, 'కవి' వెనుక 'కళ' బుద్ధిగా నిలబడింది. చూడముచ్చటగానే ఉన్నది, కాదనను. 'ఱ' సంగతి ఇంకా చూడవలసి ఉన్నది; ఈసారి ముందు ఇండెక్స్ తీసేసి, ఆ తరువాతే తమరిని పలకరిస్తాను.

ఇట్లు,
తమరి విధేయుడు