గడి కూలకముందే

పోయిన ఏడాది అమ్మకు డెబ్బై నిండితే, అక్కా నేనూ కలిసి ఆమెను లండన్ పక్కనున్న క్లివ్డెన్‌కు తీసుకుపోయాం. థేమ్స్ నదికి ఎగువన గుట్ట మీద కట్టిన పాత జమీందారీ భవంతి అది, ఇప్పుడు హోటల్. రెండు రాత్రులున్నాం. గోడలకు చెక్కపని, వాటి మీద పెద్ద పెద్ద అల్లిక తెరలు. కిటికీ తెరిస్తే గీత గీసినట్టు కత్తిరించిన తోట. అమ్మ ఆ పూటంతా పెద్దగా మాట్లాడలేదు. సాయంత్రం హాల్లో సోఫా అంచున కూర్చుని, అక్కడ పనిచేసే అమ్మాయి తెచ్చిచ్చిన టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా అడిగింది: "ఇంత పెద్ద గడి... ఈడ వెట్టి ఎవలు జేసిండ్రు బిడ్డా?"

నాకు జవాబు తెలియదు. ఆ ఇంటి చరిత్ర తెలుసుకోవాలనిపించింది మాత్రం ఆ మాటతోనే. అక్కడ అంతకుముందున్న ఇళ్లు రెండుసార్లు కాలిపోయాయి. ఇప్పుడున్నది 1851లో కట్టింది. 1893లో ఆస్టర్ అనే అమెరికా కోటీశ్వరుడు కొన్నాడు. ఆయన కోడలు నాన్సీ ఆస్టర్ 1919లో బ్రిటిష్ దిగువ సభలో అడుగుపెట్టిన తొలి మహిళా సభ్యురాలు. ఇవన్నీ ఒక ఎత్తు, 1942లో జరిగింది ఒక ఎత్తు. ఆ కుటుంబం ఇంటినీ తోటలనూ, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు రాసిచ్చేసింది. వాళ్లు ఖాళీ చేశాక కొన్నేళ్లు స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ విద్యార్థులు ఉన్నారు. 1980ల నుంచి హోటల్ నడుస్తోంది. అంటే హోటల్‌వాళ్లు కిరాయిదారులే, ఇల్లు ట్రస్టుది. గది తీసుకునే స్తోమత లేనివాళ్లు కూడా టికెట్టు కొనుక్కుని తోటంతా తిరగొచ్చు. ఈ ఏర్పాటే నన్ను పట్టుకుంది.

మొన్న సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు హన్మకొండ నుంచి కారు కట్టుకుని అమ్మ పుట్టినూరికి వెళ్లాం, హుజూరాబాద్ వైపు. ఆ ఊళ్లో గడి ఉంది. ఇక్కడ బ్రిటన్‌లోని మన తెలుగు సంఘంలో కోస్తా నుంచి వచ్చిన మిత్రుల కోసం చెబుతున్నాను, గడి అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. చుట్టూ ఎత్తు గోడ, మూలకు బురుజు, నడుమ పెద్ద వాకిలి, దాని చుట్టూ టేకు స్తంభాల వసారా. మేం చూసేసరికి పడమటి గోడను రావిచెట్టు నిలువునా చీల్చింది. మీది అర్ర, అంటే పై గది, కప్పు సగం కూలి దూలాలు వేలాడుతున్నాయి. గోడ పెచ్చు ఊడినచోట చెయ్యి పెట్టాను. గానుగలో నూరిన డంగు సున్నం ఇంకా రాయిలాగే ఉంది. పెద్ద దర్వాజ ఒక రెక్క లేదు, రెండో రెక్కకు ఇనుప గుబ్బలు అలాగే ఉన్నాయి. ఆ దర్వాజ ముందు అమ్మ ఆగింది. వంగి, చెప్పులు విప్పి, చేత పట్టుకుంది. లోపల ముళ్లు, గాజుపెంకులు. నేను గట్టిగా పిలిస్తే గానీ ఆమెకు తెలియలేదు తను ఏం చేసిందో.

మా అమ్మమ్మ, అమ్మ 'అవ్వ' అని పిలిచే తల్లి, ఆ గడిలో వాకిలి ఊడ్చి, సానుపు చల్లి, వడ్లు దంచింది, కూలి లేకుండా. అమ్మ చిన్నప్పుడు ఆమె కొంగు పట్టుకుని పోయేది. వెట్టి అంటే ఇదీ. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలియ్యాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, అన్నీ ఊరికే. "బాంచన్ దొరా, నీ కాల్మొక్త" అన్న మాట మన జిల్లాల్లో ఎన్ని నోళ్లలో నలిగిందో చెప్పనక్కర్లేదు. 1946 జులై 4న కడవెండిలో దొరకు ఎదురుతిరిగిన జనం ఊరేగింపు మీద విసునూరు దొర దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దొర గడికి చేరనీయలేదు. మా వైపు మాత్రం ఆ తర్వాత కూడా వెట్టి చాన్నాళ్లు సాగింది. 1978లో రైతుకూలీలు జరిపిన జగిత్యాల జైత్రయాత్ర నాటికి గానీ ఊళ్లు మళ్లీ కదల్లేదు. ఆ తర్వాత దొరలు ఒక్కొక్కరే పట్నం చేరారు, గడులకు తాళాలు పడ్డాయి. కొన్నిట్లో బడులు, ఆఫీసులు పెట్టారు. మిగతావి వానకు నాని కూలుతున్నాయి.

గడిని బాగుచేసి నిలబెట్టుకుందామంటే మా మేనమామ ఒక్కటే మాట అంటాడు, "కూలనీయ్. మనకేం ఒరిగింది దానితోని?" ఆయన కోపం నాకు అర్థమవుతుంది, దాన్ని కాదనే అర్హత నాకు లేదు. కానీ మామా, అది కూలితే దొర మనవలకు పోయేదేమీ లేదు. వాళ్లకు ఫొటోలున్నాయి, కాగితాలున్నాయి, 'మా తాతల కాలంలో' అని చెప్పుకోవడానికి వేదికలున్నాయి. మా అమ్మమ్మకు ఫొటో కూడా లేదు. ఆమె ఆ ఊళ్లో బతికిందనడానికి మిగిలిన ఆనవాలు ఆ గోడలే. ఆ మట్టి మోసింది, ఆ సున్నం గానుగ తిప్పింది మనవాళ్లే. కష్టం మనదైనప్పుడు కట్టడం మాత్రం ఎందుకు వాళ్లదనుకోవాలి?

కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను ఆ వంశం వారసులే బాగు చేయించారు. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ అవార్డు వచ్చింది. కాబట్టి మన దగ్గర పనిమంతులు లేరనే మాట చెల్లదు. రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చాక జనం వస్తూనే ఉన్నారు, చాలామంది పొద్దున వచ్చి సాయంత్రానికి హైదరాబాద్ వెళ్లిపోతారు. ఒక మంచి గడిలో పది గదులు సిద్ధం చేసి, వరంగల్ కొత్తవాడ దర్రీలు పరిచి, సర్వపిండీ పచ్చిపులుసూ వండిపెడితే ఎందుకు ఉండరు?

అయితే ఒక భయం ఉంది, అది దాచుకోను. రేపు ఎవరో వచ్చి ఇదే గడికి 'రాయల్ స్టే' అని బోర్డు పెట్టి, ఊరి పిల్లగాళ్లకు తలపాగాలు చుట్టి, వచ్చినవాళ్లకు వంగి దండాలు పెట్టిస్తారేమోనని. అలాగైతే మామ మాటే నిజం, కూలడమే మేలు. గడి ఊరి పేరు మీద ట్రస్టుకు రావాలి, ట్రస్టులో వెట్టి చేసిన కుటుంబాల వాళ్లు కూర్చోవాలి. హోటల్ నడిపేవాళ్లు క్లివ్డెన్‌లో లాగే కిరాయిదారులుగా ఉండాలి. పనిచేసేవాళ్లకు నెలనెలా జీతం, పీఎఫ్. దర్వాజ పక్క గోడ మీద ఎవరి చేత ఏ చాకిరీ చేయించారో కుటుంబాల వారీగా రాయాలి, ఇంకా బతికున్న పెద్దల నోటి వెంట విని. ఆ పెద్దలు ఏటా తగ్గిపోతున్నారు.

డబ్బు సంగతి. మన సంఘం సభ్యుల్లో భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. పుచ్చుకునే ట్రస్టుకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. అందుకే ముందు చిన్న పనితో మొదలుపెడదాం. ఒక్క గడి ఎంచుకుని కొలతలు తీయించడం, కప్పు మీద వాన పడకుండా రేకులు వేయించడం, రావిచెట్టు వేళ్లు తీయించడం. పగుళ్లకు సిమెంటు మాత్రం వద్దు. సున్నపు గోడలోని తేమను సిమెంటు బయటికి పోనీయదు, లోపలి నుంచి పుచ్చిపోతుంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం ఎజెండాలో పెట్టమని కార్యవర్గానికి రాశాను. ఫొటోలు కూడా పంపాను.

తిరిగొచ్చేటప్పుడు కారులో అమ్మను అడిగాను, గడి బాగుచేస్తే ఏ గదిలో ఉంటావని. చాలాసేపు కిటికీలోంచి మక్క చేన్ల వైపు చూసింది. "మీది అర్రల. మా అవ్వ దినాం ఊడ్సేది. ఒక్కనాడు గూడ ఆడ కూసోలె."