సెల్లారు ముంగిట లేచే గోడ

హైదరాబాదులో నాలాకు దగ్గరగా ఉన్న ఒక అపార్ట్‌మెంటు. వరద వస్తే తనంతట తానే లేచే అడ్డుగోడను సెల్లారు ర్యాంపు దగ్గర పెట్టించాలా వద్దా అని సంఘం కార్యదర్శికీ, అక్కడే ఉంటున్న విశ్రాంత నీటిపారుదల ఇంజనీరుకూ జరిగిన వాదన ఇది.

కార్యదర్శి: ఏడాదికి రెండు రోజులు వచ్చే నీటికి లక్షలు పోయాలా, ఇంజనీరు గారూ? ఇసుక బస్తాలున్నాయి, వాచ్‌మన్ ఉన్నాడు.

ఇంజనీరు: అర్ధరాత్రి ఆ బస్తాలు మోసేదెవరు? 2024 జూలై 27న ఢిల్లీ పాత రాజేందర్ నగర్‌లో ఒక కోచింగ్ కేంద్రం సెల్లారులోని గ్రంథాలయంలోకి వీధి నీరు చొరబడి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. నేను చెబుతున్న గోడకు మనిషీ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. ర్యాంపుకు అడ్డంగా తవ్విన గుంటలో దాన్ని నిలువుగా దించి ఉంచుతారు. వీధి నీరు జాలీ గుండా గుంటలోకి దిగుతున్నకొద్దీ, నూతిలో వదిలిన ఖాళీ బిందెలా అది పైకి తేలి, రబ్బరు అంచులకు బిగుసుకుంటుంది. మీటరు ఎత్తున నిలిచిన నీరు ప్రతి మీటరు వెడల్పునా దాదాపు 500 కిలోల బలంతో నెడుతుంది. మన ర్యాంపు వెడల్పు 4 మీటర్లు, అంటే రెండు టన్నులు. మీ రేకు గేటూ బస్తాలూ దానికి ఆగుతాయా?

కార్యదర్శి: ఆ గుంటలోకి నీటికంటే ముందు పాల కవర్లూ, కొబ్బరి పీచూ, ఎదురింటి కట్టుబడి ఇసుకా చేరతాయి, కావలసిన రోజున గోడ సగంలోనే ఇరుక్కుంటుంది. పైగా నీరు గేటులోంచే వస్తుందా? నిరుడు మురుగు ఉబికింది వాచ్‌మన్ బాత్రూములోంచి కాదా?

ఇంజనీరు: ఆ మాట నిజం. మురుగు గొట్టానికి నీటిని వెనక్కి రానివ్వని వాల్వు బిగించకుండా గోడ ఒక్కటే పెట్టడం దండగ. ఆ ఖర్చు కూడా కలిపే అడుగుతున్నాను.

కార్యదర్శి: అడగండి. పై అంతస్తుల వాళ్ళు మాత్రం ఇవ్వరు. కార్లు దింపుకునేవాళ్ళే కట్టుకోవాలి.

ఇంజనీరు: మీది ఐదో అంతస్తు కాబట్టి అలా అంటున్నారు. మీరెక్కే లిఫ్టు గుంటా, మీ కుళాయికి నీరెక్కించే మోటారూ, కరెంటు ప్యానెల్ బోర్డూ సెల్లారులోనే ఉన్నాయి.

కార్యదర్శి: నా అంతస్తు మాట ఎందుకండీ? నిరుడు మోటారు రివైండింగ్‌కు ముందుగా జేబులోంచి డబ్బు తీసిందెవరో లెక్కల పుస్తకం చూడండి!

ఇంజనీరు: చూశాను. మోటారు ఎందుకు కాలిందో కూడా ఆ పక్కనే మీ చేత్తోనే రాశారు: సెల్లారులో మోకాటి లోతు నీరు.

కార్యదర్శి: సరే, ఇది చెప్పండి. మన గేటు ఆపిన నీరు పల్లంలోని బస్తీకే కదా పోయేది? 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడినప్పుడు ఇంటింటికీ ఇలాంటి గోడ ఉంటే విజయవాడ సింగ్‌నగర్ మునగకుండా ఉండేదా? డబ్బున్నవాళ్ళు గోడ లేపుకుని లోపల కూర్చుంటే, నాలా వెడల్పు చేయమని అడిగేవాళ్ళెవరు?

ఇంజనీరు: దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. బస్తీని కాపాడేది నాలాయే. అర్జీ రాయండి, మొదటి సంతకం నాది. కానీ నాలా వెడల్పయ్యేదాకా, ప్రతి వాన రాత్రీ వాచ్‌మన్ పిల్లలు పడుకునేది మన సెల్లారులోనే.

కార్యదర్శి: ...గుంటలో పూడిక తీయించే బాధ్యత ఎవరిదని రాసుకోమంటారు?

ఇంజనీరు: నాది. ఏటా తొలకరికి ముందు పైపుతో గుంటలోకి నీరు వదిలి, గోడ లేస్తుందో లేదో చూడాలి. ఆ రోజు పక్కన మీరూ ఉంటారని కూడా రాయండి.