తెలుగు ఫాంటు సత్తా తేలేది వత్తుల దగ్గరే

తెలుగు ఫాంటు ఎంచుకోమంటే చాలామంది అ, క, మ ఎంత గుండ్రంగా ఉన్నాయో చూసి ఓటేస్తారు. శీర్షికకు ఆ పరీక్ష చాలు. పేరాల కొద్దీ సాగే వార్తకో నవలకో పనికొచ్చే ఫాంటేదో తెలియాలంటే మాత్రం అక్షరం కింద ఏం జరుగుతోందో చూడాలి.

‘రాష్ట్రస్థాయి’ అన్న మాటనే తీసుకోండి. వార్తల్లో రోజూ కనిపించేదే. ష కింద ట వత్తు, ర వత్తు. వెంటనే స కింద థ వత్తు. వీటిని ఒకదాని కింద ఒకటి పేరిస్తే లోతు పెరిగి కింది లైనులోని గుడి దీర్ఘాలకు, ఏత్వాలకు తగులుతాయి. పక్కకు జరిపితే లోతు తగ్గుతుంది గానీ, తర్వాతి అక్షరాన్ని దూరం నెట్టాలి. నెట్టకపోతే ష కింది వత్తూ స కింది వత్తూ ఢీకొంటాయి. మరీ నెడితే ‘రాష్ట్ర’ ఒక మాట, ‘స్థాయి’ ఇంకో మాట అన్నట్టు మధ్యలో ఖాళీ పడుతుంది. వత్తులనే బాగా చిన్నవి చేసి గండం గట్టెక్కిన ఫాంట్లూ ఉన్నాయి. పోస్టరు సైజులో ఆ లోపం తెలియదు, ఫోన్‌లో చదివేటప్పుడు మాత్రం ట వత్తు మరకలా మిగులుతుంది. మంచి ఫాంటు చేసేవాళ్లు ఇలాంటి జంటలను ఒక్కొక్కటిగా పట్టి చూసి సర్దుతారు. ఎక్కువ సమయం పట్టే పని ఇదే.

డీటీపీ రోజుల్లో ఇది కుదిరేది కాదు. ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే యూనికోడ్‌కు ముందటి ఫాంటులో అక్షర రూపాలు పెట్టే గళ్లు 256 మించవు. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు అన్నీ ముక్కలుగా ఆ గళ్లలోనే సర్దాలి. అదే వత్తు ముక్క క కిందా రావాలి, ఘ కిందా రావాలి. ఓపెన్‌టైప్ అనే ఫాంటు పద్ధతి వచ్చాక ఆ ఇరుకు పోయింది: ఏ అక్షరానికి ఏ రూపం వత్తు రావాలో, ఎంత జరగాలో ఫాంటులోనే నియమాలుగా రాయవచ్చు. అయినా పాత ముక్కల కొలతలనే యూనికోడ్‌లోకి దింపేసిన ఫాంట్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

ఇక పోలిక అక్షరాలు. థకూ ధకూ తేడా లోపలి చుక్క ఒక్కటే. చిన్న సైజులో ఆ చుక్క పూడిపోతే ‘పథకం’ బదులు ‘పధకం’ పడినా ప్రూఫ్ చూసేవారికి దొరకదు. ఈ తప్పు మన దగ్గర అంతలా పాతుకుపోవడంలో ఫాంట్ల వాటా కూడా ఉందని నా అనుమానం. రకూ ఠకూ మధ్య ఉన్నదీ చుక్కే. వ పక్కన మామూలు కొమ్ము తగిలిస్తే అది మ అయిపోతుంది. అందుకే ‘వు’లో కొమ్మును అడుగు నుంచి తిప్పుతారు. ఆ తిప్పు స్పష్టంగా లేని ఫాంటులో చావుకీ చామకీ తేడా ఉండదు.

ఫాంటు ఎంత బాగున్నా పేజీ కొలతలు ఇంగ్లీషువైతే పని చెడుతుంది. ఇక్కడ తప్పు ఫాంటు డిజైనర్లది కాదు, వార్తా పోర్టళ్లది. ఇంగ్లీషు టెంప్లేటులో లైన్ ఎత్తు చాలాసార్లు అక్షరం సైజుకు 1.2 నుంచి 1.4 రెట్లు ఉంటుంది. తెలుగుకు 1.6 నుంచి 1.8 రెట్లు కావాలి. పైన దీర్ఘాలకూ కింద వత్తులకూ చట్రంలోనే చోటు ఇవ్వాలి కనుక అసలు అక్షరం కుంచించుకుపోతుంది. ఇంగ్లీషు 16 పిక్సెళ్లలో ఉంటే తెలుగు 18 నుంచి 20 ఉండాలి. ఎత్తు బిగించిన బటన్లలో, శీర్షికల పెట్టెల్లో వత్తులు సగానికి తెగిపోయేది ఈ లెక్క చూడకే. ఆండ్రాయిడ్ కోసం గూగుల్ ఫాంటు నోటో తెలుగులో యూఐ అనే రకాన్ని విడిగా చేసింది ఇలాంటి ఇరుకు చోట్లకే. దాన్ని వ్యాసానికి వాడితే లైన్లు ఇరుకుగా పడతాయి.

బోల్డ్ సంగతి వేరే చెప్పాలి. భారతీయ ప్రాచీన సాహిత్యాన్ని ప్రచురించే మూర్తి క్లాసికల్ లైబ్రరీ పుస్తకాల కోసం చేసిన అక్షరాలే ఇప్పుడు టీరో తెలుగు పేరుతో ఉచితంగా దొరుకుతున్నాయి. చదవడానికి హాయైన ఫాంటు, కానీ అందులో బోల్డ్ లేదు. బోల్డ్ అడిగితే బ్రౌజరే గీతలను మందం చేస్తుంది, అక్షరాల లోపలి ఖాళీలు పూడిపోతాయి. ఉపశీర్షికలకు సైజు పెంచితే సరిపోతుంది, లేదా బోల్డ్ ఉన్న వేరే ఫాంటు వాడుకోవచ్చు. న్యూస్‌ప్రింటు మీదా ఇదే చిక్కు: సిరా పీల్చుకుని గీత ఉబ్బుతుంది. అందుకే ప్రింటుకు సరిగ్గా కుదిరిన ఫాంటు తెర మీద కాస్త బక్కగా అనిపిస్తుంది. దాన్ని లోపమనుకుని మందం పెంచకూడదు.

వెబ్‌కు ఫాంటు ఫైలును కుదించేటప్పుడు యూనికోడ్‌లో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ నంబర్ల దాకా ఉన్న తెలుగు గళ్లు చాలనుకుంటారు. 200సీ నంబరు గుర్తు కూడా ఉండాలి. ‘సాఫ్ట్‌వేర్’లో ట్ తర్వాత వ వత్తుగా కిందికి దిగకుండా ఆపేది ఆ కనిపించని గుర్తే. అది ఫైలులో లేకపోతే కొన్ని బ్రౌజర్లలో మాట అక్కడ విరిగి, పొల్లు పక్కన చుక్కల వలయం రావచ్చు.

ఫాంటు తీసుకునే ముందు రాష్ట్రస్థాయి, వైశిష్ట్యం, లక్ష్మ్యై, స్త్రైణం, పథకం, చావు, సాఫ్ట్‌వేర్ అన్న మాటలున్న పేరా ఒకటి 18 పిక్సెళ్లలో పెట్టి, ఖరీదు తక్కువ ఫోన్‌లో చదివి చూడండి. కంపెనీ నమూనా షీటులో ఎలాగూ ఈ మాటలుండవు.