జ్వరం వస్తే నోట్సు ఎవరిస్తారు?

చెల్లెలు విశ్వవిద్యాలయాలను పోల్చుతూ ఒక పట్టిక గీసుకొచ్చింది. ఒక గడిలో 'చదువు బరువు', పక్క గడిలో 'క్యాంపస్ వాతావరణం', రెండింటికీ పదికి ఇన్ని అని మార్కులు. ఆ రెండు గడుల మధ్య గీసిన గీతే తప్పని ఒప్పించడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది.

నేను చదివిన చోట గ్రేడ్లు 'కర్వ్' మీద వేసేవారు. పై గ్రేడు ఇంతమందికే అని ముందే లెక్క కట్టేవారు. రెండో ఏడాది జ్వరంతో తొమ్మిది రోజులు తరగతికి వెళ్లలేకపోయాను. నోట్సు పంపమని తరగతి వాట్సాప్ గ్రూపులో అడిగాను. చాలామంది చూశారు, ఒక్కరూ బదులివ్వలేదు. పరీక్షలు అయిన మర్నాడు వాళ్లలోనే ముగ్గురు పండ్లు పట్టుకుని నా గదికి వచ్చారు, ఎలా ఉన్నావని ఆప్యాయంగా అడిగారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. నాకు పెరిగే ప్రతి మార్కూ తమ చోటు లాక్కుంటుందని ఆ పద్ధతే వాళ్లకు నేర్పింది.

అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం 2004లో 'ఏ' శ్రేణి గ్రేడ్లు 35 శాతం దాటకూడదని విభాగాలకు లక్ష్యం పెట్టింది. విద్యార్థులకు అది కోటాలా కనిపిస్తోందని, ఆందోళన పెంచుతోందని తమ కమిటీయే చెప్పాక 2014లో ఎత్తేసింది. పదేళ్లు పట్టింది! ఆ పదేళ్లలో చదివి వెళ్లిపోయిన పిల్లల సంగతి తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

బరువైన చదువంటే ఇలాగే ఉండాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎంఐటీ చదువు తేలికని ఎవరంటారు? అయినా అక్కడ మొదటి సెమిస్టరులో తప్పిన సబ్జెక్టు బయటికిచ్చే మార్కుల జాబితాలో కనిపించదు. అమెరికాలోనే ఉన్న రీడ్ కాలేజీలో చివరి ఏడాది ప్రతి ఒక్కరూ థీసిస్ రాయాల్సిందే, కానీ మామూలుగా వ్యాసాలు గ్రేడుతో కాదు, వ్యాఖ్యలతో తిరిగొస్తాయి.

క్యాలెండరు కూడా చూడాలి. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక టర్ము, అంటే చదువు సాగే విడత, 8 వారాలే. వారం రోజులు మంచాన పడితే ఎనిమిదో వంతు పోయినట్టే. 15 వారాల సెమిస్టరులో అదే జ్వరానికి పోయేది పదిహేనో వంతు. అయితే ఇద్దరు ముగ్గురే కూర్చునే ట్యుటోరియల్‌లో మీరు రాలేదన్న సంగతి గురువుకు వెంటనే తెలుస్తుంది. వందల మంది కూర్చునే హాలులో అది ఎవరికి తెలుస్తుంది?

వాతావరణం అనగానే ఉత్సవాల ఫొటోలు, క్లబ్బుల జాబితా చూపించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నిద్రలేని రాత్రులను పతకాల్లా చెప్పుకునే సీనియర్లన్నా అంతే. పిల్లలు ఒకరితో ఒకరు ఎలా ఉంటారో అక్కడి గ్రేడ్ల పద్ధతి, టర్ము పొడవు సగం తేల్చేస్తాయి. మిగతా సగం అక్కడ చదువుతున్నవాళ్లనే అడగాలి, అదీ సూటిగా.

చెల్లెలు అడిగింది. రెండు చోట్ల మూడో ఏడాది విద్యార్థులకు ఫోను చేసి, "కిందటిసారి మీరు తరగతికి వెళ్లలేకపోతే నోట్సు ఎవరిచ్చారు?" అంది. ఒకరు కాసేపు ఆగి, అన్నీ వెబ్‌సైటులో ఉంటాయని చెప్పారు. రెండో అమ్మాయి "ఉండండి" అని పక్క గదిలోకి కేకేసి, తన స్నేహితురాలి చేతికి ఫోను ఇచ్చింది.