మారడోనా గురించి నేను చెప్పింది అది కాదు

పొద్దున సుభాష్ రోడ్డులో హోటల్లో ఉగ్గాని తింటుంటే పక్క టేబుల్ అబ్బాయి ఫోన్ నా ముందు పెట్టి, "అన్నా, నువ్వు టీవీలో వచ్చినావ్ చూడు" అన్నాడు. చూశాను. ముద్ద గొంతు దిగలేదు.

నిన్న నవంబర్ 25. అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు మారడోనా పోయి ఐదేళ్లు. రెండు రోజుల ముందు ఒక చానల్ వాళ్లు గ్రౌండ్‌కి వచ్చి, "పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తారు కదన్నా, ఒక బైట్ ఇవ్వండి" అన్నారు. గంటసేపు ఎండలో నిలబెట్టారు. వెనక పిల్లలు పరిగెడుతుంటే బాగుంటుందని వాళ్లను రెండుసార్లు గ్రౌండ్ చుట్టూ తిప్పించారు. మూడు నిమిషాలు మాట్లాడాను. వేసింది ఐదు సెకన్లు. "మా తరానికి దేవుడండీ ఆయన." అంతే. కింద అడ్డంగా "అనంతలో దేవుడికి నివాళి" అని రాశారు.

ఆ మాట నేను అన్నాను, కాదనను. కానీ దాని వెంటనే "కానీ" అన్నాను. సరిగ్గా అక్కడే కోసేశారు.

హోటల్ బయటికి వచ్చి రిపోర్టర్‌కి ఫోన్ చేశాను. "అన్నా, వర్ధంతి రోజు పోయినోళ్ల గురించి చెడ్డగా వేస్తే బాగుండదు" అన్నాడు. నేను చెప్పిందాంట్లో చెడ్డ ఏముందప్పా? ఆయన చేసింది చెప్పాను. బంతితో చేసిందీ చెప్పాను, మనుషులకు చేసిందీ చెప్పాను.

1990లో మా వీధి మొత్తానికి ఒకటే టీవీ. వరల్డ్ కప్ ఫైనల్లో పశ్చిమ జర్మనీ చేతిలో ఓడిపోయి ఆ మనిషి ఏడుస్తుంటే మేమూ ఏడ్చాం. ఎందుకు ఏడుస్తున్నారురా అని మా అమ్మ అడిగితే చెప్పడానికి మాట రాలేదు. ఆయనంటే నాకున్న ప్రేమ ఎవరికీ రుజువు చేయక్కర్లేదు. తాగునీళ్లు కూడా సరిగ్గా లేని విల్లా ఫియొరీటో అనే మురికివాడలో పెరిగి, 1984లో నాపోలీకి వెళ్లి, ఇటలీలో ఉత్తరాది వాళ్లు చిన్నచూపు చూసే ఆ ఊరికి 1987లో, 1990లో లీగ్ టైటిళ్లు తెచ్చిపెట్టాడు. ఆయన పోగానే ఆ ఊరివాళ్లు స్టేడియానికే ఆయన పేరు పెట్టుకున్నారు. పెట్టుకోవాల్సిందే. కరువు సీమలో పుట్టినవాళ్లకు ఆ సంగతి వేరేవాళ్లు విడమర్చి చెప్పక్కర్లేదు.

అదే మనిషి 1991లో కొకైన్‌తో దొరికి 15 నెలలు ఆటకు దూరమయ్యాడు. 1994 వరల్డ్ కప్ మధ్యలో ఎఫెడ్రిన్ అనే నిషేధిత మందు వాడినట్టు బయటపడి ఇంటికి పోయాడు. అదే ఏడాది తన ఇంటి ముందుకు వచ్చిన విలేకరుల మీద ఎయిర్ గన్ పేల్చాడు. నాపోలీలో పుట్టిన కొడుకును ఏళ్ల తరబడి నా కొడుకు కాదన్నాడు. ఆ పిల్లోడు తండ్రిని టీవీలో చూసుకుంటూ పెరిగాడు. ఇదంతా కెమెరా ముందు చెప్పాను. చెప్తుంటే కెమెరా పట్టుకున్న అబ్బాయి తల కూడా ఊపాడు.

ఇంకో మాట కూడా చెప్పాను, అదే నాకు ముఖ్యం. పాలా దాపేనా అని స్పెయిన్‌లో ఒక ఫుట్‌బాల్ అమ్మాయి ఉంది. మారడోనా పోయిన మూడు రోజులకు మ్యాచ్ ముందు అందరూ మౌనం పాటిస్తుంటే ఆమె ఒక్కతే వెనక్కి తిరిగి నేల మీద కూర్చుంది. ఆడవాళ్లను బాధపెట్టిన మనిషి కోసం నిలబడలేనంది. నవంబర్ 25 ఆడవాళ్ల మీద హింసకు వ్యతిరేకంగా ప్రపంచమంతా జరుపుకునే రోజు కూడా. ఆ బాధితుల కోసం ఎవరూ మౌనం పాటించలేదు, ఈయన కోసం మాత్రం నిలబడాలా అని అడిగింది. దానికి ఆమెకు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. ఆ మరుసటి ఏడాది క్యూబాకు చెందిన ఒకామె వచ్చి, తనకు పదహారేళ్లప్పుడు మారడోనా తనను ఏం చేశాడో బ్యూనస్ ఎయిర్స్‌లో విలేకరుల ముందు కూర్చుని చెప్పింది. అప్పటికి ఆయన లేడు, జవాబు చెప్పే మనిషే లేడు. అందుకని ఆమె మాట వినకుండా పోవాలా?

నా దగ్గర ఇరవై రెండు మంది ఆడపిల్లలు నేర్చుకుంటున్నారు. వాళ్ల ముందు నిలబడి నేను "దేవుడు" అని ఊరుకున్నట్టు టీవీలో వచ్చింది. వాళ్ల ఇళ్లల్లో అమ్మానాన్నలు చూశారు. నా కడుపు మండేది అందుకే.

పోనీ ఆటనైనా సరిగ్గా చూపిస్తారా అంటే అదీ లేదు. 1986 జూన్ 22, ఇంగ్లండ్‌తో క్వార్టర్ ఫైనల్. 51వ నిమిషంలో చేత్తో గోల్ కొట్టాడు. నాలుగు నిమిషాలకే తన సగంలోంచి బంతి తీసుకుని అడ్డొచ్చిన వాళ్లందర్నీ దాటుకుంటూ పోయి ఇంకోటి కొట్టాడు. టీవీ వాళ్లు మొదటిదాన్నే తిప్పి తిప్పి, నవ్వుకుంటూ, "దేవుడి చెయ్యి" అంటూ వేస్తారు. పోయిన నెల మా పదకొండేళ్ల పిల్లోడు బంతిని చేత్తో లోపలికి తోసి "దేవుడి చెయ్యి సార్" అని గంతులేశాడు. రెండో గోల్ ఎప్పుడైనా చూశావా అంటే లేదన్నాడు. కూర్చోబెట్టి చూపించాను. ఎడమకాలు బంతిని ఎన్నిసార్లు తాకిందో లెక్కపెట్టించాను.

మా ఊళ్లో ఫుట్‌బాల్ సంగతి ఈ విలేకరులకు ఏం పట్టింది? ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ పుణ్యమా అని పల్లెల్లో ఆడపిల్లలు కూడా బంతి ఆడుతున్నారు. 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు ఇక్కడ పెట్టినప్పుడు ఎన్ని వ్యాన్లు, ఎన్ని మైకులు! ఆటగాళ్లు ఏ హోటల్లో దిగారు, ఏం తిన్నారు, అన్నీ వార్తలే. ఫుట్‌బాల్ పిల్లల కోసం ఒక్క మైకు రాలేదు. మళ్లీ ఇప్పుడు మారడోనా వర్ధంతికి వచ్చాయి.

చావు అంటేనే వీళ్లకు మేత. అర్జెంటీనాలోనూ అంతే. అంత్యక్రియల పనికి వచ్చినవాళ్లే మారడోనా శవపేటిక తెరిచి పక్కన నిలబడి ఫొటో దిగారు. ఆయనకు వైద్యం చేసినవాళ్ల మీద 2025 మార్చిలో విచారణ మొదలైతే, జడ్జీల్లో ఒకామె ఆ కేసు మీదే తీస్తున్న డాక్యుమెంటరీలో ఉన్నట్టు బయటపడి మొత్తం విచారణే రద్దయింది. ఆయన కూతుళ్లు మళ్లీ మొదటి నుంచి కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

"పోయినోళ్ల గురించి చెడ్డగా వేయం" అన్నాడు కదా ఆ రిపోర్టర్, ఆ మాటకే ఇదంతా రాస్తున్నాను. మా గురువు పోయినప్పుడు ఏం వేశారు? పద్నాలుగేళ్లయింది, ఇంకా మర్చిపోలేదు. జిల్లా పేజీలో మూలన, సింగిల్ కాలమ్‌లో, "మద్యానికి బానిసై మాజీ క్రీడాకారుడి మృతి". ఐదు లైన్లు. ఆయన తాగేవాడు, నిజం. ఇంట్లో వాళ్లు నానా కష్టాలూ పడ్డారు, అదీ నిజం. కానీ బూట్లు లేని మాకు తన జీతంలోంచి బూట్లు కొనిచ్చింది ఎవరు? అర్ధరాత్రి బస్టాండులో మా ముగ్గుర్నీ తన ఒళ్లో, భుజాల మీద పడుకోబెట్టుకుని సెలక్షన్లకు తీసుకుపోయింది ఎవరు? ఐదు లైన్లలో ఒక్క లైను దానికి దొరకలేదా? పదో రోజున ఆయన కూతురు ఆ పేపర్ ముక్క నా చేతిలో పెట్టి, "మామా, మా నాయన గురించి ఇంతేనా?" అని అడిగింది. ఈ రోజుకీ నా దగ్గర జవాబు లేదు.

అర్జెంటీనా ఆయనకైతే చెడ్డ కోసేశారు. మా ఆయనకు మంచి కోసేశారు. అప్పుడు గుర్తు రాలేదా వీళ్లకు వర్ధంతి మర్యాద?

రిపోర్టర్ తమ్ముడు ఈ పోస్ట్ చూస్తాడని తెలుసు. నేను మాట్లాడిన మూడు నిమిషాలూ మీ దగ్గర ఉన్నాయి. మొత్తం వేయండి. వేయలేమంటే ఆ వీడియోలోంచి నా ముఖం, నా పిల్లల ముఖాలు తీసేయండి. రెండిట్లో ఏదో ఒకటి జరిగేదాకా రోజూ పొద్దున ప్రాక్టీస్ అవ్వగానే ఫోన్ చేస్తాను.