వెర్గెలెగన్ తోటను ఎటువైపు నుంచి చూడాలి?

దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్‌కు తూర్పున, ఫాల్స్ బే తీరానికి కొద్ది కిలోమీటర్ల లోపల, సోమర్సెట్ వెస్ట్ పట్టణాన్ని ఆనుకుని వెర్గెలెగన్ అనే పాత వైన్ ఎస్టేట్ ఉంది. ఆ పేరుకు డచ్ భాషలో దూరాన ఉన్నది అని అర్థం. అక్కడి పాత ఇంటి ముంగిట 1700 ప్రాంతంలో నాటినవని చెప్పే ఐదు కర్పూర వృక్షాలు ఇప్పటికీ బతికి ఉన్నాయి. వాటిని 1942లో జాతీయ స్మారకాలుగా ప్రకటించారు. కర్పూరాన్ని హారతి పళ్ళెంలోని తెల్లని బిళ్ళగానే ఎరిగిన మనకు, దానికి ఇంతటి మాను, ఇంతటి నీడ ఉంటాయా అని ఆశ్చర్యం కలగడం సహజమే. తూర్పు ఆసియాకు చెందిన ఈ చెట్టు ఆఫ్రికా దక్షిణపు కొసకు ఎందుకు వచ్చింది, దాన్ని నాటించినది ఎవరు, నాటినది ఎవరు అనే ప్రశ్నలతో మొదలుపెడితే తప్ప ఈ తోట అర్థం కాదని నా అభిప్రాయం.

నాటించినవాడి పేరు అందరికీ తెలుసు. తండ్రి సైమన్ వాన్ డెర్ స్టెల్ తరువాత 1699లో కేప్ అనే ఈ డచ్ వలస ప్రాంతానికి గవర్నర్ పదవిని చేపట్టిన విల్లెం ఆడ్రియాన్ వాన్ డెర్ స్టెల్ మరుసటి ఏడాదే ఈ భూమిని డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ నుంచి పొందాడు. అంతకు ముందు అది ఖోయ్‌ఖోయ్ పశుపాలకుల మేతభూమి. 1672లో కంపెనీ వారితో కుదుర్చుకున్న క్రయ ఒప్పందంలో రాసిన ధరకూ, నిజంగా చేతికిచ్చిన సరుకుల విలువకూ పొంతన లేదు. అలా చేజిక్కిన నేలమీద కొత్త గవర్నర్ ఏడేళ్ళలోపే ఇల్లు, మర, పశువుల కొట్టాలు, పండ్లతోటలు, ఎనిమిది భుజాల ప్రహరీ నడుమ పూలతోట, వాటితోపాటు సుమారు ఐదు లక్షల ద్రాక్షతీగలు నిలబెట్టాడని చరిత్రలో చెబుతారు. ఇంత తక్కువ కాలంలో ఇంత పని ఒక అధికారి జీతంతోనో, ఒక కుటుంబం కాయకష్టంతోనో జరిగేది కాదు.

అదే అతని పతనానికీ కారణమైంది. కేప్‌లో సొంతంగా సాగు చేసుకునే ఐరోపా వలస రైతులు, వైన్‌కూ మాంసానికీ ఉన్న చిన్న అంగడిని గవర్నర్, అతని అనుయాయులు గుప్పిట్లో పెట్టుకున్నారని కంపెనీ డైరెక్టర్లకు ఫిర్యాదు పంపారు. ఆ ఫిర్యాదు రాసిన ఆడమ్ టాస్ 1706 ఫిబ్రవరిలో అరెస్టయి ఏడాదికి పైగా నిర్బంధంలో ఉన్నాడు. అయినా చివరికి గెలిచింది రైతుల పక్షమే. 1707లో గవర్నర్‌ను వెనక్కి పిలిపించారు, ఇంటిని కూల్చమని ఆజ్ఞాపించారు, ఎస్టేట్‌ను నాలుగు ముక్కలు చేసి అమ్మివేశారు. ఈ తగాదాలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసేవి ఇరుపక్షాలూ అచ్చువేయించిన వెర్గెలెగన్ చిత్రాలు. గవర్నర్ పక్షం చూపిన బొమ్మలో అది సాదాసీదా పొలం ఇల్లు. ప్రత్యర్థుల బొమ్మలో అదే చోటు గీత గీసినట్టున్న తోటలతో, వరుస కట్టిన భవనాలతో రాజసం ఉట్టిపడే నివాసం. అంటే ఈ తోట పుట్టిన పదేళ్ళకే ఒక వాదానికి సాక్ష్యంగా మారిపోయింది, ఆ తరువాత దాన్ని వర్ణించిన ప్రతి ఒక్కరూ ఏదో ఒక వాదం కోసమే వర్ణించారు. ఒక సంగతి మాత్రం మరువరాదు. న్యాయం కోసం సంతకాలు పెట్టిన ఆ రైతులు కూడా బానిసల యజమానులే. వారు అడిగిన స్వేచ్ఛ సరుకు అమ్ముకునే స్వేచ్ఛ.

ఈనాడు సందర్శకుడి కళ్ళకు కనిపించే అందంలో చాలా భాగం గవర్నర్ కాలానిది కాదు. 1917లో ఈ ఎస్టేట్ గనుల సంపన్నుడు లయనెల్ ఫిలిప్స్ కుటుంబానికి చేరిన తరువాత, ఆయన భార్య ఫ్లారెన్స్ ఫిలిప్స్ శిథిలమవుతున్న ఇంటిని బాగు చేయించి, ఉద్యానాలకు మళ్ళీ ప్రాణం పోశారు. 1941లో వచ్చిన బార్లో కుటుంబం, 1987లో కొన్న ఆంగ్లో అమెరికన్ సంస్థ ఆ పనిని కొనసాగించాయి. కమీలియా పూలతోట అంతర్జాతీయ గుర్తింపు పొందినది కూడా ఇటీవలి కాలంలోనే. కనుక మూడు శతాబ్దాల తోటలో నడుస్తున్నామన్న మాట పూర్తిగా నిజం కాదు. చెట్లు పాతవి, పూలమడులు కొత్తవి.

వైన్ గురించి కొద్దిగా చెప్పాలి. వేసవిలో ఫాల్స్ బే మీదుగా వీచే ఆగ్నేయపు గాలి ఇక్కడి కొండవాలులను చల్లబరుస్తుంది, దానితో ద్రాక్ష నిదానంగా పండి, పులుపును నిలుపుకుంటుంది. సోవిన్యోన్ బ్లాంక్, సెమియోన్ వంటి తెల్లద్రాక్ష రకాలకు ఈ తీరప్రాంతం ఇంతగా నప్పడానికి కారణం అదే. కొండమీద చాలా భాగం నేలలోకి దించి కట్టిన వైన్ తయారీశాల 1992లో పూర్తయింది. పైనుంచి కిందికి పంపులు లేకుండా రసం తనంతట తాను దిగేలా దాన్ని రూపొందించారు, ఆకారంలో అది కూడా పాత తోట ప్రహరీలాగే ఎనిమిది భుజాలది. ఆ కప్పు మీద నిలబడితే ఒకవైపు కొండలు, మరోవైపు సముద్రం కనిపిస్తాయి.

ద్రాక్షవరుసలు దాటి కొండలవైపు వెళ్ళేవారికి ఇంకో ప్రశ్న ఎదురవుతుంది. ఈ ఎస్టేట్ 2,000 హెక్టార్లకు పైగా నేల నుంచి పైన్, యూకలిప్టస్, తుమ్మజాతి విదేశీ చెట్లను ఏళ్ళ తరబడి తొలగించి, ఫిన్‌బోస్ అనే స్థానిక పొదలు తిరిగి మొలిచేలా చేసింది. ఆ చెట్లు వాగుల నీటిని పీల్చేస్తాయి, మంటలను తీవ్రం చేస్తాయి, కనుక అది మెచ్చదగిన పని. కానీ ఇంటి ముంగిట మనం తలెత్తి చూసే కర్పూర వృక్షం కూడా విదేశీయే, దేశపు తూర్పు ప్రాంతాల్లో దాన్ని దురాక్రమణ మొక్కల జాబితాలో చేర్చారు కూడా. ఒక చెట్టు స్మారకంగా మిగలడం, మరొకటి గొడ్డలికి గురికావడం వృక్షశాస్త్రం ఒక్కటే తేల్చిన విషయం కాదు. తమ గతంలో దేన్ని అట్టిపెట్టుకోవాలో మనుషులు నిర్ణయించుకున్నారు, అంతే. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. అయితే చెట్టు విషయంలో ఇంత స్పష్టంగా నిర్ణయించుకోగలిగిన వారు మనుషుల విషయంలోనూ అంతే స్పష్టంగా ఉండాలి.

నాటినది ఎవరన్న ప్రశ్న ఇక్కడే తిరిగి ముందుకొస్తుంది. కేప్‌కు కంపెనీ తెచ్చిన బానిసలు మడగాస్కర్, మొజాంబిక్, ఇండోనేషియా దీవులు, సిలోన్, బెంగాల్, మలబార్, కోరమాండల్ తీరాల వారు. సొంత పేర్లు పోయి, ఎక్కడినుంచి తెచ్చారో ఆ ఊరిపేరే ఇంటిపేరుగా దస్తావేజుల్లో మిగిలినవారు. అదే కంపెనీకి మచిలీపట్నంలో, పులికాట్‌లో వర్తక స్థావరాలు ఉండేవి. కోరమాండల్ నుంచి అన్న మాట ఒక కేప్ పత్రంలో కనబడినప్పుడు, అది మన తీరం పేరేనన్న ఎరుక తెలుగు పాఠకులకు కలగకుండా ఉండదు.

1990ల తొలినాళ్ళలో పురావస్తు శాస్త్రజ్ఞులు వెర్గెలెగన్‌లో బానిసల వసతిగృహం పునాదులను తవ్వినప్పుడు, నేల కింద చెక్కపెట్టెలో ఖననం చేసిన ఒక స్త్రీ అస్థిపంజరం బయటపడింది. పళ్ళు చిన్నతనంలో ఏర్పడి ఇక మారవు, ఎముకలు మాత్రం జీవితాంతం కొత్తబడుతూ ఉంటాయి. తిన్న తిండి నుంచి వీటిలో చేరే ఐసోటోపుల, అంటే ఒకే మూలకానికి చెందిన వేర్వేరు బరువుల పరమాణువుల, నిష్పత్తులను పోల్చి, ఆమె బాల్యం ఉష్ణమండల ప్రాంతంలో గడిచిందని, తరువాతి కాలంలో సముద్రపు ఆహారం ఎక్కువగా తిన్నదని పరిశోధకులు గుర్తించారు. కేప్‌లో చేప చవకైన తిండి, పనిచేసేవారికి పెట్టే తిండి. వైన్‌కు రుచినిచ్చే ఆ సముద్రమే ఆమె ఎముకల్లో మరోలా నమోదై ఉంది. ఆమె పేరు ఏ కాగితంలోనూ లేదు.

అందుకే ఈ ఎస్టేట్‌కు వెళ్ళేవారు నడిచే క్రమం మారాలని అంటాను. వైన్ రుచి చూసి, గులాబీల మధ్య తిరిగి, సమయం మిగిలితే చరిత్ర చదువుదామనుకునే పద్ధతిలో ఆ స్త్రీ ఎప్పుడూ చివరికే వస్తుంది, చాలాసార్లు అసలు రాదు. మొదట వసతిగృహం ఉండిన చోటికి వెళ్ళి, ఆమె సంగతి తెలుసుకుని, ఆ తరువాత ఇంటి ముంగిటికి రావాలి. అప్పుడు కర్పూర వృక్షం ఆకు ఒకటి నేలమీద దొరికితే, దాన్ని నలిపి వాసన చూడవచ్చు. ఎక్కడో ఉష్ణమండలం నుంచి ఆమె వచ్చిన దారి, ఆ మొక్క వచ్చిన దారి బహుశా ఒకే కంపెనీ ఓడలు నడిచిన దారే.