ఇంట్లో గది అద్దెకివ్వడం నామోషీ కాదు

మేడ మీద పోర్షన్ అద్దెకిస్తే ఎవరూ ఏమీ అనరు. తాము తిరిగే ఇంట్లోనే ఒక గదిని అద్దెకిస్తే మాత్రం ‘పాపం, పరిస్థితి బాగాలేనట్టుంది’ అని చుట్టుపక్కల వాళ్లు చెవులు కొరుక్కుంటారు. బెజవాడలో ఈ అలవాటు ఇంకా పోలేదు. ఆ మాటకు జడిసి గదికి తాళం వేసుకుని, ఇంటి అప్పు వాయిదా కోసం నెలనెలా చేబదుళ్లు చేసే కుటుంబాలున్నాయి. అదే వీధిలో గది దొరక్క హాస్టల్ ఇరుకులో సర్దుకుంటున్న కుర్రాళ్లూ ఉన్నారు. ఇవ్వగలిగిన ప్రతి ఇల్లూ మొహమాటం లేకుండా ఒక గది ఇవ్వాలని, ఇచ్చేటప్పుడు కులం అడగకుండా, కాగితం రాసుకుని ఇవ్వాలని మేం కోరుతున్నాం.

2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రిజర్వు బ్యాంకు రెపో రేటు, అంటే బ్యాంకులకు అది అప్పిచ్చే వడ్డీ, 2023 ఫిబ్రవరికల్లా 6.5 శాతానికి ఎక్కింది. దానితోపాటే ఇంటి అప్పుల వడ్డీలూ పెరిగాయి. 20 ఏళ్ల గడువుతో 30 లక్షల ఇంటి అప్పుకు 6.5 శాతం వడ్డీ మీద ఈఎంఐ సుమారు 22,400 రూపాయలు. అదే 9 శాతమైతే దాదాపు 27 వేలు. చాలామందికి బ్యాంకులు ఈఎంఐ పెంచకుండా గడువు పొడిగించాయి. అప్పుడు ఊరటగా అనిపించినా, రిటైరయ్యే నాటికి తీరాల్సిన అప్పు పెన్షన్ రోజుల్లోకి పాకింది. 2025లో రేట్లు తగ్గాయి గానీ, పాకిన అప్పు అంత తొందరగా వెనక్కి రాదు. ఆ నాలుగైదు వేల తేడాను పూడ్చడానికి చాలా ఇళ్లలో ఒక్క గది చాలు. పిల్లలు హైదరాబాద్‌కో అమెరికాకో వెళ్లిపోయాక, పాత ఇంజనీరింగ్ పుస్తకాలు, ఒక బీరువా, దుప్పటి కప్పిన మంచం తప్ప ఇంకేమీ లేని గది అది.

గది కావలసినవాళ్లకు కొదవ లేదు. 2016లో సచివాలయం వెలగపూడికి తరలివచ్చినప్పుడు అద్దెలు ఎలా ఎగబాకాయో ఊరంతటికీ గుర్తుంది. 2025 మేలో అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి. హైకోర్టు, మంగళగిరి ఎయిమ్స్ దగ్గర్లోనే ఉన్నాయి. ఉద్యోగంలో చేరి ఒంటరిగా వచ్చిన అమ్మాయికి డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు అక్కర్లేదు, దాని అద్దె ఆమె జీతానికి అందదు కూడా. ఆమెకు కావలసింది ఒక మంచం, గాలి వచ్చే కిటికీ, లోపలి నుంచి గడియ పెట్టుకోగల తలుపు.

ఒకరి ఇంట ఉండి చదువుకోవడం, వారాలు చేసుకుని పైకి రావడం మన జిల్లాలకు కొత్తేమీ కాదు. కృష్ణ మీద బ్యారేజీకి ఎవరి పేరు పెట్టుకున్నామో, ఆ టంగుటూరి ప్రకాశం పంతులు గారి తల్లి సుబ్బమ్మ గారు భర్త పోయాక ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. ఆ కష్టంతో చదువుకున్న కొడుకు 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఆమె చేసిన పనిని ఈ రోజు ఎవరైనా చిన్నతనం అనగలరా?

మమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్నది డబ్బు సంగతి కాదు. టులెట్ బోర్డు చూసి గేటు తీసిన మనిషికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘మీరేమిట్లు?’ అని. సూటిగా అడగలేనివాళ్లు ఇంటిపేరు అడుగుతారు, సొంతూరు అడుగుతారు, నాన్‌వెజ్ తింటారా అని అడుగుతారు. జవాబు నచ్చకపోతే ‘నిన్ననే ఎవరో అడ్వాన్స్ ఇచ్చి వెళ్లారమ్మా’ అంటారు. వారం తర్వాత చూసినా ఆ బోర్డు గేటుకే వేలాడుతుంటుంది. దళితులు, ముస్లింలు ఈ ఊళ్లో ఎన్ని గేట్ల దగ్గర ఈ మాట విని వెనుదిరుగుతున్నారో వాళ్లనే అడగండి. వంటిల్లు ఒకటే కాబట్టి అందులో ఏం వండాలో చెప్పే హక్కు ఇంటివారికి ఉంది. అది వచ్చినవాళ్లందరికీ ఒకేలా, ముందుగానే చెప్పాలి. పుట్టుకను చూసి తలుపు వేయడం వేరు. రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసిన దేశంలో అది సిగ్గుచేటు. ఈ పత్రిక దాన్ని ఏ రూపంలోనూ సమర్థించదు.

ఇంటివారి భయమూ మాకు తెలుసు. ‘ఖాళీ చేయమంటే చేయకపోతే?’ అన్నది పెద్దవాళ్లకు నిజమైన టెన్షన్. తాము ఉంటున్న ఇంట్లోనే, తమ అజమాయిషీ వదులుకోకుండా ఒకరిని ఉండనిస్తే దాన్ని లీజుగా కాక అనుమతిగా, అంటే లైసెన్సుగా రాసుకోవచ్చు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఈ తేడాను ఏనాడో గుర్తించింది. గది ఏది, ఎన్ని నెలలకు, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అడ్వాన్స్ ఎప్పుడు తిరిగిస్తారు అన్నవి రాసి ఇద్దరూ సంతకం పెడితే సగం గొడవలు పుట్టవు. అడ్వాన్స్ విషయంలో ఇంటివారూ న్యాయంగా ఉండాలి. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాసాలకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ వద్దంది. ఒక గదికి ఆరు నెలల అడ్వాన్స్ అడగడం దోపిడీయే. ఇచ్చిన అద్దెకు రసీదు కూడా ఇవ్వాలి. ఉద్యోగులకు హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోసం అది అవసరం. ఆదాయపు పన్ను లెక్కలో అద్దె చూపడానికి ఇంటివారు బెదరాల్సిన పని లేదు. ఇంటి అద్దె ఆదాయంలో 30 శాతాన్ని చట్టమే మినహాయిస్తోంది.

స్నేహాలు చెడేది ఎక్కువగా కరెంటు బిల్లు దగ్గర. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. 2025-26లో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 225 దాటాక 8.75. అద్దెకొచ్చిన మనిషి ఏసీ వేస్తే ఇంటి వాడకం పెరిగి, అదనపు యూనిట్లకు ఎక్కువ ధర పడుతుంది. ఆ భారం ఎవరిదో రాసుకోకపోతే మే నెల బిల్లు రాగానే మాటామాటా పెరుగుతుంది. గదికి సబ్‌మీటర్ పెట్టి, యూనిట్‌కు ఇంత అని ముందే అనుకోవడం మేలు. మోటారు, గీజరు సంగతీ అంతే.

గదిలో ఉండే మనిషికి కూడా తనదంటూ జీవితం ఉంటుంది. నైట్ డ్యూటీ చేసి పొద్దున్నే వచ్చే నర్సుకు ‘రాత్రి తొమ్మిదికి గేటు వేసేస్తాం’ అనే నియమం సరిపడదు. పగలు ఆమె నిద్రపోతుంటే హాల్లో టీవీ సౌండు తగ్గించాలి. తను లేనప్పుడు గదిలోకి వెళ్లి సర్దడం ప్రేమతో చేసినా తప్పే. వచ్చినవాళ్లు కూడా ఆధార్ జిరాక్స్, ఆఫీసు ఐడీ కార్డు చూపమంటే నొచ్చుకోకూడదు. పరాయి మనిషిని ఇంట్లోకి రానిస్తున్న వృద్ధ దంపతులకు ఆ మాత్రం ధైర్యం కావాలి.

ఈ పనిలో ప్రభుత్వం చేయగలిగింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. వార్డు సచివాలయాలు ప్రతి పేటలోనూ ఉన్నాయి. గది అద్దెకు సరిపోయే ఒక పేజీ ఒప్పందాన్ని తేలిక తెలుగులో అచ్చువేసి అక్కడ ఉంచాలి. అద్దెకొచ్చినవారి వివరాలు పోలీసులకు అక్కడి నుంచే చేరే ఏర్పాటు చేయాలి. అప్పుడు డెబ్భై ఏళ్ల పెద్దావిడ స్టేషన్ మెట్లెక్కనక్కర్లేదు. అమరావతి పనులతో అద్దెలు మరోసారి చేయి దాటకముందే, ఈ వేసవిలో కాలేజీలు, ఉద్యోగాల కోసం కొత్తవాళ్లు వచ్చేలోపే ఇది మొదలు కావాలి.